మూగ మెట్టు దగ్గర ఆగే పాట

దయ్యాల మాట వస్తే మా స్టాఫ్‌రూమ్‌లో అందరూ ముందు నా మొహం చూసేవాళ్లు, ఇక క్లాసు మొదలవుతుందని. మారేడ్‌పల్లి బడిలో ఇరవై ఏళ్లు భౌతికశాస్త్రం చెప్పినదాన్ని. చప్పుడు వినిపించిందంటే ఎక్కడో ఏదో వస్తువు కదిలి తీరాలి. దీని మీద నేను ఎవరితోనూ రాజీ పడలేదు. అండమాన్‌లో ఒక పట్టపగలు జరిగింది మాత్రం ఆ లెక్కలో ఇమడలేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. నమ్మమని ఎవర్నీ బతిమాలను.

ముందు హార్మోనియం సంగతి చెప్పాలి. తిరుమలగిరిలో మేం వెళ్లే చిన్న చర్చిలో మా మామయ్య ముప్పై ఏళ్లు హార్మోనియం వాయించారు. అందులో ఒక మెట్టు ఎప్పుడో మూగబోయింది. బాగు చేయిద్దాం, చేయిద్దాం అంటూనే కాలం గడిచింది. ఆరాధన చివర పాడే దీవెన పాటలో, రెండో వరుసలో, సరిగ్గా ఆ స్వరమే వస్తుంది. అక్కడ మామయ్య కుర్చీ ముందున్న చెక్క పీటను కాలితో ఒక దెబ్బ కొట్టేవారు. వంగడానికి బద్ధకం కనుక బూటు నాడాలు ఏనాడూ కట్టుకున్న మనిషి కాదు. వదులు బూటు కావడంతో ఒక్క దెబ్బకు రెండు చప్పుళ్లు వచ్చేవి. టక్, వెంటనే చిన్నగా టప్.

చర్చిలో అందరూ ఆ స్వరం పాడటం మానేసి ఆయన కాలి కోసం ఆగడం నేర్చుకున్నారు. గుంటూరు నుంచి కొత్త కోడలిగా వచ్చిన మొదటి ఆదివారం, ఆ ఖాళీలో నేనొక్కదాన్నే గొంతెత్తి పాడాను. చర్చి మొత్తం వెనక్కి తిరిగి చూసింది. ఇంటికొచ్చాక అత్తయ్య నవ్వి, "ఆడ ఆగుడు సుత పాటనే బిడ్డా" అంది.

మామయ్య పోయాక ఆ హార్మోనియాన్ని బీరువా ఎక్కించి ఎలక్ట్రానిక్ కీబోర్డు కొన్నారు. అన్ని స్వరాలూ శుభ్రంగా పలికాయి. అత్తయ్య పాడటం మానేసింది. చర్చిలోనే కాదు, వంటింట్లో కూడా. ఆమె కూనిరాగంతో తెల్లవారే మా ఇల్లు రెండేళ్లు కుక్కర్ కూతతో తెల్లవారింది. "గిప్పుడు ఆ పాటల ఆయనకు జాగ ఏడుంది" అని ఒక్కసారి అంది. మళ్లీ ఆ ఊసెత్తలేదు.

మా ఆయన జయపాల్ కేంద్ర ప్రభుత్వ గుమాస్తా. సెలవు ప్రయాణ రాయితీ మీద ఆ ఏడాది అండమాన్ వెళ్లే వీలు దొరికింది. అమ్మ మళ్లీ పాడితే చాలని ఆయన ఆశ. నా ఆశా అదే. పైకి మాత్రం గాలి మార్పు అన్నాను.

అత్తయ్యకు అరవై ఆరేళ్లు వచ్చినా హుస్సేన్ సాగర్‌ను మించిన నీళ్లు చూడలేదు. మొదటి అల పాదాలకు తగలగానే చీర ఎగ్గట్టుకుని మోకాళ్ల దాకా దిగింది. వేలు ముంచి నాలుక మీద పెట్టుకుని, "కూరల గింత ఉప్పు నేనేస్తే ఊకుంటరా మీరు" అంది. ఒక గవ్వను ఏరితే అది అరచేతిలో నడక మొదలుపెట్టింది. లోపల చిన్న ఎండ్రకాయ కాపురం ఉంది. "నీ ఇల్లా ఇది, మాఫ్ చెయ్" అంటూ దాన్ని జాగ్రత్తగా ఇసుకలో దింపింది. రెండు రోజులు కడుపుబ్బ నవ్వుకున్నాం. పాట మాత్రం రాలేదు.

మూడో రోజు పడవలో ఒక చిన్న దీవికి వెళ్లాం. పడవతను అప్పన్న, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి అక్కడ స్థిరపడ్డవాళ్ల అబ్బాయి. "మూడింటికి ఒచ్చీయాలమ్మా. నీరు తీసిందంటే పడవ కదల్దు, రాత్రంతా ఇక్కడే" అని గట్టిగా చెప్పాడు. అత్తయ్య బీపీ మాత్రల సంచి పడవలోనే మరిచిపోయాం.

అడవిలోంచి కాలిబాట పట్టి అవతలి తీరం చేరాం. అక్కడ మేం ముగ్గురం, తెల్లటి ఇసుక, డబ్బా నిండా సకినాలు. అంత సంతోషంగా తిన్న భోజనం నాకు మరొకటి గుర్తు లేదు. తిరుగుదారిలో బాట రెండుగా చీలింది. జయపాల్ ఎడమ అన్నాడు. నేను సూర్యుణ్ణి చూసి, దిక్కుల పాఠం చెప్పి కుడివైపు నడిపించాను. ఇరవై నిమిషాలకు బాట పోయి పేము పొదల్లో కలిసింది. వెనక్కి తిరిగితే చీలిక కనబడలేదు. అరిచాం, ఎవరూ పలకలేదు. నా గడియారంలో రెండూ నలభై.

అత్తయ్య మోకాలు పట్టుకుని పడిపోయిన మాను మీద కూర్చుంది. "నన్ను ఈడ ఉంచి మీరు తొవ్వ చూస్కొని రాండ్రి" అంది. నాకు ఏడుపొచ్చింది. నా అతితెలివికి ఆ పెద్ద ప్రాణం బలవుతుందేమోనని నిజంగా భయపడ్డాను.

అప్పుడు వినిపించింది. ఎడమవైపు, చెట్ల వెనక, హార్మోనియం మీద దీవెన పాట. ఎవరిదో రేడియో అనుకుని ప్రాణం లేచొచ్చింది. రెండో వరుసలో ఒక స్వరం పలకలేదు. అక్కడ టక్, టప్.

జయపాల్ నన్ను చూశాడు. నేను అత్తయ్యను చూశాను. ఆమె అప్పటికే లేచి నిలబడింది. "నడువుండ్రి, టైమైతుంది" అంటూ కొంగు దోపి ముందు నడిచింది. మేం నడిచినంతసేపూ పాట మాకు కాస్త ముందే ఉంది. మూడుకు రెండు నిమిషాలుండగా పడవ కనబడింది, పాట ఆగింది. దీవిలో ఇంకెవరైనా ఉన్నారా అని అప్పన్నను అడిగాను. "మీరేనమ్మా ఇయ్యాల. ఇంకో పడవే రాలేదు" అన్నాడు. అతనికి ఏ పాటా వినబడలేదట.

ఆ సాయంత్రం లాడ్జిలో ఇద్దరికీ చెరో కాగితం ఇచ్చి, మాట్లాడుకోకుండా, విన్నది విన్నట్టు రాయమన్నాను. నేనూ రాశాను. పరీక్షంటే పరీక్షే. ముగ్గురం అదే పాట రాశాం. పలకని స్వరం ముగ్గురికీ ఒకటే. జయపాల్ రెండు చప్పుళ్లని రాసి కింద గీత గీశాడు. అత్తయ్య కాగితం మీద ఒక్క ముక్క ఉంది: "ఆడ సుత నాడాలు కట్టుకోలే."

అది చదివి పగలబడి నవ్వాం. నవ్వుతూనే ముగ్గురం ఏడ్చాం.

మర్నాడు నేను కూనిరాగానికి నిద్ర లేచాను. సికింద్రాబాద్ చేరాక వచ్చిన ఆదివారం అత్తయ్య దీవెన పాట అందుకుని, రెండో వరుసలో ఆగింది. కీబోర్డు ఆగలేదు. పై వారం పాతవాళ్లు కొందరు ఆమెతో పాటు ఆగారు. నెల తిరిగేసరికి కీబోర్డు వాయించే అమ్మాయి కూడా అక్కడ వేలు ఎత్తేసింది.

ఇన్నేళ్లలో గాలి, వెదురు, అలల ప్రతిధ్వని, ముగ్గురి భ్రమ, అన్నీ వేసి చూశాను. లెక్క తేలలేదు. ఆ దీవిలో కదిలిన వస్తువేదో ఇప్పటికీ చెప్పలేను.

ప్రతి ఆదివారం ఆ ఖాళీలో చెవులు రిక్కిస్తాను. నాకేమీ వినబడదు. పక్కనే అత్తయ్య మాత్రం పాత హార్మోనియం ఉండే మూల వైపు, నేల మీదికి చూసి ముసిముసిగా నవ్వుతుంది. ఎందుకు నవ్వుతున్నావని అడగను. కాగితం ఇయ్యి, రాసిస్తా అంటుందని భయం.