మిన్స్క్‌లో నా చదువు, ట్రాయ్‌లో నా నోరు

2007లో మా అమ్మాయి ఎనిమిదో తరగతి చదువుతోంది. ఒకరోజు స్కూలు నుంచి వచ్చి, భుజాన బ్యాగు కూడా దించకుండా అడిగింది.

"అమ్మా, నువ్వు సోవియట్ యూనియన్‌లో చదివావు కదా. మా టీచర్ నిన్ను క్లాస్‌కి రమ్మంటున్నారు. వచ్చి మాట్లాడతావా?" నేను సరే అనేలోపే గొంతు తగ్గించింది. "జస్ట్ ఫుడ్ లేదు, అందరూ స్కేర్డ్‌గా ఉన్నారు అని చెప్పు, ఓకే? టీచర్ స్లయిడ్స్ ఆల్రెడీ అలానే ఉన్నాయి."

అప్పటికి మేము మిషిగన్‌లోని ట్రాయ్‌కి వచ్చి కొన్నేళ్ళయింది. నేనూ మావారూ ఇద్దరం కార్ల విడిభాగాలు తయారుచేసే కంపెనీల్లో ఇంజనీర్లం. నా డిగ్రీ మీద ముద్ర వేసిన దేశం అప్పటికే పటంలోంచి పోయింది. ఉద్యోగానికి ఇంటర్వ్యూ చేసినాయన ఆ కాగితాన్ని తిరగేసి, బోర్లించి, "ఇది ఇప్పుడెక్కడుంది?" అని అడిగాడు. "నా దగ్గరుంది" అన్నాను. నవ్వి ఉద్యోగమిచ్చాడు. ఆ తర్వాత ఎవరూ అడగలేదు. పిలవక పిలవక ఆ స్కూలు పిలిచింది.

వెళ్ళాను. పిల్లలకు చెప్పాను.

మా నాన్న ఖమ్మంలో కమ్యూనిస్టు పార్టీ మనిషి. ఆయన స్నేహితుడొకాయన పూనుకుని నాకు స్కాలర్‌షిప్ ఇప్పించాడు. పద్దెనిమిదేళ్ళ వయసులో బెలారస్ రాజధాని మిన్స్క్‌లో దిగాను. హాస్టల్ గదిలో ముగ్గురం. నేను, ఒక వియత్నాం అమ్మాయి, గోమెల్ వైపు పల్లెటూరి నుంచి వచ్చిన ఒక బెలారస్ అమ్మాయి. మా అమ్మ కట్టిచ్చిన ఆవకాయను ఆ బెలారస్ పిల్ల మొదటిరోజు నాలుక మీద పెట్టుకుని ఏడ్చింది. నెల తిరిగేసరికి నల్ల రొట్టె ముక్కను జాడీలోనే అద్దుకు తింటోంది. బయటికెళ్ళినప్పుడల్లా చేతిలో వల సంచీ ఉండాల్సిందే. ఎక్కడ క్యూ కనబడితే అక్కడ ముందు నిలబడటం, ఏం అమ్ముతున్నారని తర్వాత అడగటం. ఒకసారి చాలాసేపు నిలబడితే కిటికీ దగ్గర తేలింది, అవి మగవాళ్ళ బూట్లని. అయినా కొన్నాం. మా అంతస్తులో ఎవరికో ఒకరికి పనికిరాకపోవు.

మరుసటి చలికాలం నాకు అపెండిక్స్ ఆపరేషన్ అయింది. ఎవరు కడతారని ఎవరూ అడగలేదు. హాస్టల్ కాపలా ముసలమ్మ తన ఇంట్లోంచి పులుసు కాచి, సీసాకు శాలువా చుట్టి ఆసుపత్రికి మోసుకొచ్చింది. నేను మాంసం తిననని ఆవిడకు తెలియదు. తాగేశాను.

పిల్లలు నవ్వుతూ విన్నారు. టీచరమ్మ మంచి మనిషి, కానీ గడియారం చూసుకుంటోంది. "భయం గురించి కూడా చెప్పండి. ఎప్పుడూ భయపడుతూనే ఉండేవారు కదా?" అంది.

"ఎప్పుడూ కాదు. భయపడ్డ రోజు గురించి చెబుతాను" అన్నాను.

చెర్నోబిల్ అణు కేంద్రం పేలిన మరుసటి నెల, మే. గోమెల్ వైపు ఊళ్ళు దానికి దగ్గర. మా బెలారస్ పిల్ల సెలవులకు ఇంటికెళ్ళి మొహం వేలాడేసుకుని తిరిగొచ్చింది. వాళ్ళ ఊళ్ళో పిల్లలు ఇంకా వానలో ఆడుకుంటున్నారట, ఆవుల్ని ఇంకా పచ్చికలోకి తోలుతున్నారట. తర్వాత విద్యార్థుల మీటింగులో తను లేచి ఒకటే ప్రశ్న అడిగింది. "మా ఊరి పాలు తాగొచ్చా, తాగకూడదా?" అంతే. దాన్ని పుకార్లు లేపడమన్నారు. వారం తర్వాత మళ్ళీ మీటింగు పెట్టి ఆమెను యువజన సంఘం నుంచి తీసేయడానికి చేతులెత్తమన్నారు. అన్ని చేతులూ లేచాయి. కిందటి రాత్రి ఆమె పక్కన కూచుని బంగాళాదుంపలు వేయించుకు తిన్నవాళ్ళ చేతులు కూడా లేచాయి. విదేశీయులం కాబట్టి మాకు ఓటు లేదు. వెనక వరసలో కూచుని చూశాను.

మర్నాడు సంఘం నాయకుడు నన్ను గదికి పిలిచాడు. ఆమె గదిలో కూడా భయం పుట్టించే మాటలు మాట్లాడేదని రాసిన కాగితం ముందు పెట్టి సంతకం చేయమన్నాడు. అంతకు రెండు నెలల ముందే రష్యన్ వక్తృత్వపు పోటీలో నాకు బహుమతి ఇచ్చింది ఆ మనిషే. కాగితాన్ని తాపీగా చూసి, తెలుగులో ఆలోచించుకుని, వచ్చీరానట్టు రష్యన్‌లో అన్నాను: "నాకు రష్యన్ సరిగా రాదు."

అతను కాగితాన్ని మళ్ళీ నావైపు జరిపాడు. "మీ దేశంలో నీకు ఇంత చదువు దొరికేదా?" అని అడిగాడు.

"అర్థం కాలేదు" అన్నాను.

పై నెలలో నన్ను చివరి అంతస్తులో, కిటికీ మూతపడని గదికి మార్చారు. బెలారస్ పిల్ల హాస్టల్ సీటు పోయింది, ఊరికి వెళ్ళిపోయింది. స్టేషన్‌కు నేనూ వియత్నాం అమ్మాయీ మాత్రమే వెళ్ళాం. రైలు కదిలేటప్పుడు తను ఏడవలేదు. "జాడీ ఖాళీ చేశాను, మీ అమ్మకు చెప్పు" అంది.

క్లాసులో అక్కడితో ఆపాను. బెల్ కొట్టాక టీచరమ్మ నా చేతులు పట్టుకుంది. వచ్చే నెల సాయంత్రం పూట తల్లిదండ్రుల ముందు కార్యక్రమం ఉందని, అక్కడ కూడా మాట్లాడమని అడిగింది. "కానీ ఆ మీటింగు సంగతి ఒక్కటే చెప్పండి. ఆసుపత్రి, ముసలావిడ, అవన్నీ వద్దు. పిల్లలు కన్ఫ్యూజ్ అవుతారు."

"కన్ఫ్యూజ్ కావడానికే కదా స్కూలుకొచ్చేది" అన్నాను. ఆమె నవ్వింది, ఒప్పుకోలేదు. ఆలోచించుకుని చెప్పమంది.

ఆ శనివారం మా ఇంట్లో భోజనాలు. నాకు స్కాలర్‌షిప్ ఇప్పించిన ఆ నాన్నగారి స్నేహితుడు అప్పుడే కొడుకు దగ్గరికి ట్రాయ్ వచ్చి ఉన్నాడు. చిన్నప్పటినుంచీ నేను బాబాయ్ అని పిలిచే మనిషి. మా అమ్మాయి గొప్పగా, "తాతగారూ, అమ్మ మా క్లాస్‌లో సూపర్‌గా చెప్పింది, ఆ ఫ్రెండ్‌ని కిక్ అవుట్ చేసిన స్టోరీ" అంది.

బాబాయ్ చేతిలో ముద్ద చేతిలోనే ఆగిపోయింది.

"ఇంటి గుట్టు వీధిలో పెట్టావా అమ్మాయ్? అదీ ఈ దేశంలో?"

"జరిగింది చెప్పాను బాబాయ్."

"జరిగినవన్నీ చెప్పాలా? వాళ్ళు దాన్నే పట్టుకుని పండగ చేసుకుంటారు. ఆసుపత్రి గురించి చెప్పు, చదువు గురించి చెప్పు. అక్కడి తిండి తిన్నావు నువ్వు."

"తిన్నాను. ఎవరి తిండి తిన్నాను బాబాయ్? ఆ పిల్ల ఊరి పాలు తాగాను, వాళ్ళ పొలంలో బంగాళాదుంపలు తిన్నాను. తిండి పెట్టినవాళ్ళ మాటే చెబుతున్నాను."

ఆయన కంచం పక్కకి జరిపాడు. పెరుగన్నం వద్దన్నాడు. అతిథులు వెళ్ళాక మావారు గిన్నెలు సర్దుతూ మెల్లగా అన్నారు. "గ్రీన్ కార్డ్ ప్రాసెస్‌లో ఉంది. మీ నాన్న పార్టీ, నీది రష్యా చదువు. ఇప్పుడు మైక్ అవసరమా? ఆ టీచర్‌కి బిజీ అని చెప్పెయ్."

నాకు ఒక్కసారిగా ఒళ్ళు మండింది. అక్కడ కాగితం ముందు పెట్టి నోరు విప్పమన్నారు, ఇక్కడ కాగితం కోసం నోరు మూసుకోమంటున్నారు. టీచరమ్మకు సగం కావాలి, బాబాయ్‌కి రెండో సగం కావాలి, మావారికి అసలేమీ వద్దు. సోమవారం పొద్దున్నే స్కూలుకు ఫోన్ చేసి, వస్తున్నాను, మొత్తం చెబుతాను, కుదరకపోతే వేరేవాళ్ళను చూసుకోండి అన్నాను. "పది నిమిషాలే ఇవ్వగలను" అంది టీచరమ్మ.

కార్యక్రమం నాటి సాయంత్రం స్కూలు హాలు నిండింది. మావారు వచ్చి ముందు వరసలో కూచున్నారు. బాబాయ్ రాడనుకున్నాను, కొడుకు వెంట వచ్చి తలుపు పక్కన నిలబడ్డాడు. పులుసు సీసా చెప్పాను, మగవాళ్ళ బూట్లు చెప్పాను, లేచిన చేతులు చెప్పాను. పది నిమిషాలు దాటాయి. టీచరమ్మ ఆపలేదు. అంత మేరకు ఆమెను మెచ్చుకోవాలి.

చివర్లో ఒక తండ్రి లేచాడు. కోపంగా లేడు, నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. "ఆ దేశంలో అన్ని మంచి విషయాలుంటే మీరు ఇక్కడికెందుకు వచ్చారు?"

"ఉద్యోగం కోసం వచ్చాను. నోరు అప్పగించడానికి రాలేదు. అక్కడా అప్పగించలేదు" అన్నాను.

కొందరు చప్పట్లు కొట్టారు. కొందరు చేతులు కట్టుకునే కూచున్నారు. అడిగినాయన తల ఊపి కూచున్నాడు, ఆ ఊపుకు అర్థం నాకు ఇప్పటికీ తెలియదు.

పార్కింగ్‌లో బాబాయ్ మా కారు దగ్గరికి వచ్చాడు. కోటు గుండీలు పెట్టుకుంటూ అడిగాడు.

"ఆ పిల్ల తర్వాత ఏమైంది?"

"ఊళ్ళోనే స్కూల్లో వంటపనికి కుదిరింది. తర్వాత ఆ ఊరు మొత్తాన్ని ఖాళీ చేయించారట. ఎటు వెళ్ళిందో తెలియలేదు."

"ఖాళీ చేయించారా?"

"ఆలస్యంగా."

ఆయన చివరి గుండీ పెట్టుకున్నాడు. "అయినా నువ్వు చెప్పకుండా ఉండాల్సింది" అన్నాడు.

"మళ్ళీ అడిగితే మళ్ళీ చెబుతాను బాబాయ్."

"తెలుసు. మీ నాన్న కూతురివి" అని కొడుకు కారువైపు నడిచాడు. అది మెప్పో తిట్టో ఆయనకే తెలియాలి.

గ్రీన్ కార్డ్ దాని మానాన అది ఆలస్యంగా వచ్చింది, అందరికీ వచ్చినట్టే. మరుసటి ఏడు స్కూలు నన్ను పిలవలేదు. నేనే వెళ్ళి ఊరి లైబ్రరీలో మీటింగు గది అడిగాను. కౌంటర్‌లో ఉన్నావిడ విషయమేమిటంది. సోవియట్ యూనియన్‌లో నా చదువు రోజులు అన్నాను.

"అనుకూలంగానా, వ్యతిరేకంగానా?"

"నేను అక్కడ ఉన్నాను" అన్నాను. ఆమె రిజిస్టరు తిరగేసి, మంగళవారం ఖాళీ ఉందంది. బుక్ చేసుకున్నాను.