ఎర్రతీగ అతుకు

చింతామణి సుజాతమ్మ పెట్టిన టంకం చూస్తే అది మనిషి పనా, యంత్రం పనా అని అనుమానం వచ్చేది. బెంగళూరులో మీటర్లు బిగించే ఫ్యాక్టరీలో పదహారేళ్ళు చేసి, అది మూతపడ్డాక చిక్కబళ్ళాపురం దగ్గర ఒక ఇంజినీరింగ్ కాలేజీలో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేరింది. చదువు పదో తరగతి. అయినా కాలేజీ ఒక చిన్న ఉపగ్రహం తయారుచేయాలని పూనుకున్నప్పుడు ప్రొఫెసర్ పురుషోత్తమ్ మొదట పిలిచింది ఆమెనే. చెప్పుల పెట్టెంత ఉపగ్రహం, లోపల వందల అతుకులు. ఒక్కటి ఊడినా పైకెళ్ళి బాగుచేసే దిక్కు లేదు.

బ్యాటరీ భాగం చూసే పరిశోధక విద్యార్థి గిరీశ్‌ది బాగేపల్లి పక్క పల్లె. వచ్చిన కొత్తలో టంకం వేసే సోల్డరింగ్ ఐరన్ పట్టుకోవడం కూడా అతనికి రాదు. అతని మణికట్టు కింద తన చెయ్యి ఆనించి నేర్పింది సుజాతమ్మ. మూడేళ్ళు ఆమె డబ్బాలోని రాగిముద్ద ఇద్దరూ పంచుకుని తిన్నారు. ఇంట్లో చెప్పుకోలేని మాటలు కూడా అతను ఆమెకు చెప్పుకునేవాడు.

రాకెట్ కుదుపుకు ఉపగ్రహం తట్టుకుంటుందో లేదో చూసే పరీక్ష బెంగళూరులో పెట్టారు. ముందురోజు సాయంత్రం బ్యాటరీ నుంచి వచ్చే ఎర్రతీగకు చివరి అతుకు వేసింది సుజాతమ్మ. భూతద్దం కింద రెండుసార్లు చూసుకుంది.

"ఇంగ దీన్ని ముట్టుకోవద్దప్పా గిరీశా. మళ్ళీ కాలిస్తే కింద బోర్డు మీద ఉండే రాగి రేకు లేచిపోతాది" అని చెప్పి ఐదున్నర బస్సుకు వెళ్ళిపోయింది.

మర్నాడు కుదుపు మొదలైన రెండో నిమిషంలో ఉపగ్రహం చచ్చిపోయింది. విప్పి చూస్తే ఎర్రతీగ ఊడి ఉంది.

వారం తర్వాత మీటింగులో, తీగ ఎందుకు ఊడిందో చెప్పే నివేదిక చదివారు. అంతా ఇంగ్లీషు. సుజాతమ్మకు పూర్తిగా అర్థం కాకపోయినా 'టెక్నీషియన్ పనితనంలో లోపం' అన్న మాట మాత్రం చెవిలో పడింది. బల్ల మీద పెట్టిన సర్క్యూట్ బోర్డు దగ్గరికి వెళ్ళి చూసింది. అతుకు చుట్టూ నల్లగా మాడి ఉంది. అది ఆమె చేతి పని కానే కాదు.

గిరీశ్ వైపు చూసింది. అతను లాప్‌టాప్‌లోంచి తల ఎత్తలేదు.

వరండాలో పట్టుకుని నిలదీసింది. "నేను పోయినాక నువ్వు దాన్ని మళ్ళీ కాల్చినావా ల్యాదా?"

"తీగ పొట్టిగా ఉండాదని మార్చినానమ్మా. నా పేరు బయటికొస్తే పీహెచ్‌డీ ఈడనే నిలిచిపోతాది. మీదైతే పర్మనెంటు ఉద్యోగం. మీకేం కాదు."

"సార్‌కు తెలుసునా?"

అతను గొంతు తగ్గించాడు. "సారే నన్ను అట్ల రాయమన్నారు."

అతను చేసిన పొరపాటు ఆమెను బాధపెట్టలేదు. పొరపాట్లు ఆమె కూడా చేసింది. ఆ వారమంతా ఏమీ ఎరగనట్టు తన ఎదుట కూర్చుని ముద్ద తిన్నాడే, అదే ఆమెకు మింగుడుపడలేదు.

నివేదిక మీద సహి చేయమని కాగితం వచ్చింది. ఆమె సహి చేయలేదు. కింద, బడిలో నేర్చిన కన్నడంలో రెండు వాక్యాలు రాసింది: నేను వెళ్ళేసరికి అతుకు సరిగ్గా ఉంది. తర్వాత కాల్చింది నేను కాదు. గిరీశ్ పేరు మాత్రం రాయలేదు. ఎందుకు రాయలేదో ఆమెకే తెలియదు.

మూడోరోజు ఉపగ్రహం గది తాళంచెవి తీసేసుకుని, ఆమెను కింది అంతస్తులోని మొదటి సంవత్సరం ల్యాబ్‌కు మార్చారు.

కొత్త బోర్డు విద్యార్థులు రెండుసార్లు చేశారు. రెండుసార్లూ పాడయింది. అప్పుడు పురుషోత్తమ్ స్వయంగా కిందికి దిగి వచ్చాడు.

"పిల్లల మూడేళ్ళ కష్టమమ్మా. మీ చెయ్యి పడితేగానీ కాదు."

"ముందు నివేదిక సరిచేయండి సార్."

"చేస్తానమ్మా. నా మాట నమ్మండి."

నమ్మింది. రెండు రోజులు కూర్చుని అన్ని అతుకులూ వేసింది. ఉపగ్రహం పరీక్ష నెగ్గింది, ఎనిమిది నెలలకు రాకెట్ ఎక్కింది. మేడ మీది యాంటెనాకు దాని మొదటి సంకేతం అందినప్పుడు విద్యార్థులు వేసిన కేకలు కింది ల్యాబ్ దాకా వినిపించాయి. ఆమెను పైకి రమ్మని ఎవరూ పిలవలేదు. గోడకు పెట్టిన ఫలకంలో ముప్పై ఒక్క పేర్లున్నాయి. ఆమెది లేదు. నివేదికలో ఒక్క అక్షరం మారలేదు.

పీహెచ్‌డీ పట్టా వచ్చాక గిరీశ్ తన సిద్ధాంత గ్రంథం తెచ్చాడు. మొదటి పేజీ తెరిచి, "మీకు కృతజ్ఞతలు చెప్పినానమ్మా, చూడండి" అన్నాడు.

"ఈడ పొగిడినావు సరే. ఆడ తప్పు నాది కాదని రాసినావా?"

అతను పుస్తకం మూసేశాడు.

"అట్లయితే ఇది నాకెందుకప్పా? తీసుకుపో."

పుస్తకం అతని చేతిలోనే వదిలేసి, ల్యాబ్‌లో ఎదురుచూస్తున్న పిల్లల దగ్గరికి వెళ్ళింది. నివేదిక సరిచేయమని ఆమె రాసిన అర్జీ ప్రిన్సిపాల్ కచేరీలో ఉంది. ప్రతి నెలా మొదటి సోమవారం పోయి, ఏమైందని అడిగి వస్తుంది. గుమాస్తాకు ఆమెను చూస్తేనే విసుగు. అయినా ఆమె పోవడం మానలేదు.