అడ్వాన్సులో కోసుకున్న అశుభం

అమ్మ పోయిన పొద్దున పెద్ద దవాఖాన మెట్ల మీద నిలబడి మా ఇంటి ఓనరక్కకు ఫోన్ చేసి చెప్పాను. "అయ్యో చెల్లె" అంది. తర్వాత, "ఇంటికైతే తేకుండ్రి. అట్నుంచటే ఊరికి తీస్కపోండ్రి. ఏమనుకోకు" అంది.

ఖిలా వరంగల్‌లో ఆమె ఇంటి పై వాటాలో మేం నాలుగేండ్లుగా ఉంటున్నాం. నేను దగ్గర్లోని ప్రైవేటు బడిలో టీచర్ని. మా ఆయనది డోర్నకల్‌లో రైల్వే పని. అమ్మ పాలకుర్తి పక్క పల్లె నుంచి గుండె జబ్బు చూపించుకోవడానికి వచ్చి మూడు నెలలు మాతో ఉంది. పానం బాగున్న రోజుల్లో కిందికి దిగి ఓనరక్కతో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీసేది. ఆమె మా అమ్మను "చిన్నమ్మా" అని పిలిచేది.

ఊరికి పోయే దారిలో అంబులెన్సు మా వీధి మొదట్లోకి రాగానే డ్రైవర్ "ఇంటి ముందట జరసేపు ఆపాల్నా?" అని అడిగాడు. మా ఆయన వద్దన్నాడు. అప్పుడు నాకు కోపం కూడా రాలేదు. కిరాయి ఇండ్లలో ఇది మామూలే అనుకున్నాను.

దినాలు అయిపోయి మేం తిరిగొచ్చిన సాయంత్రమే ఓనరక్క పైకి వచ్చింది. గడప దాటకుండా నిలబడి ఒక కాగితం ఇచ్చింది. మేం ఖాళీ చేయాలట. ఇరవై నాలుగు వేల అడ్వాన్సులోంచి శాంతి పూజకు ఐదు వేలు, సున్నాలకు ఆరు వేలు, ఇల్లు నెల్లాళ్లు మూసిపెట్టాలి కాబట్టి ఒక నెల కిరాయి పట్టుకుంటుందట.

"అక్కా, అమ్మ పోయింది దవాఖానల గదా! గేటు లోపటికి గూడ తేలేదు."

"మంచాన పడ్డది మా ఇంట్లనే గద చెల్లె. మా సారు పానం గూడ బాగుంటలేదు. నాకు బుగులైతాంది. అగ్రిమెంట్ల నీ సంతకం ఉన్నది, సూడు."

ఉంది. అగ్రిమెంటు మూడో పేజీలో, నీటి బిల్లుకు కింద: ఇంట్లో అశుభం జరిగితే శాంతి ఖర్చు, రంగుల ఖర్చు, ఇల్లు ఖాళీగా ఉన్న కాలపు అద్దె కిరాయిదారుడే భరించాలి. పిల్లల నోటుపుస్తకాల్లో ఒక్క ఒత్తు పోయినా ఎర్ర గీత పెట్టేదాన్ని, ఏటా ఆ కాగితం చదవకుండానే సంతకం చేశాను. మా అమ్మ ఈ ఇంట్లో అడుగు పెట్టకముందే ఆమె చావుకు ఎవరో రేటు టైపు చేసి పెట్టారు.

"పోనియ్, మనకెందుకు లొల్లి" అన్నాడు మా ఆయన. నేను ఊరుకోలేకపోయాను. "పూజ పైసలు పట్టుకో అక్కా. కానీ ఆ పూజల నేను గూడ కూసుంట" అన్నాను. ఆమె కాదనలేదు.

రెండు రోజులకు పెద్ద వయసు పంతులుగారు వచ్చారు. సామాను సర్దుకుంటూ, "ఎక్కడ పోయింది? ఏ గడియల?" అని అడిగారు. నేనే చెప్పాను. ఆయన చేతిలో కలశం అలాగే ఉండిపోయింది.

"ఇంట్ల ప్రాణం పోలేదు, శవం రాలేదు. ఈ ఇంటికి దోషమేందమ్మా? ఎవలు చెప్పిండ్రు మీకు?"

ఓనరక్క తల దించుకుంది. ఆయన పసుపునీళ్లు చల్లి, ఐదు వందలు తీసుకుని వెళ్లిపోయారు.

మేం ఖాళీ చేసిన రోజు సున్నాల డబ్బు తప్ప మిగతాదంతా ఆమె తిరిగి ఇచ్చింది. చేతిలో పెడుతూ, "చిన్నమ్మంటె నాకు పానమే చెల్లె" అని ఏడ్చింది. దొంగ ఏడుపు కాదు. అదే నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

తర్వాత హన్మకొండలో ఒక ఇల్లు చూడ్డానికి పోయాం. గదులన్నీ చూపించాక ఓనరు, "ముసలోళ్లు ఎవరన్న ఉంటరా మీతోని?" అని అడిగాడు.

"ఎవరూ లేరు సార్" అన్నాను. తడుముకోలేదు. ఏదో మంచి గుణం చెప్పుకున్నట్టు, నవ్వుతూ అన్నాను.

బయటికొచ్చి బండి ఎక్కబోతుంటే నా మాట నాకే వినబడింది. మా ఆయన రెండుసార్లు పిలిచాడు. నేను గేటు పట్టుకుని అక్కడే నిలబడిపోయాను.