బావ స్వెట్టరు విప్పిన మధ్యాహ్నం

పసిపిల్లలకు ఊలు టోపీలు అల్లబోయిన మనిషి సొంత ఇంట్లో శోకాలు పెట్టించగలడా? నిక్షేపంగా పెట్టించగలడు. నాకు ఒక్క మధ్యాహ్నం సరిపోయింది.

తొంభైల చివరి మాట. రాజమండ్రిలో ఒక దినపత్రికలో విలేకరిగా కొత్తగా చేరాను. రోజుకు మూడు వార్తలు రాసి, లోకాన్ని నేనే మోస్తున్నాననుకునే వయసు. నేనూ అక్క వరలక్ష్మీ ఒకే ఇంట్లో ఉండేవాళ్ళం. బావ సామర్లకోటలో గూడ్సు బండి గార్డు. పోయి అప్పటికి రెండేళ్ళు. ఆ రెండేళ్ళలో అక్క ఏడవడం నేను చూడలేదు. అందుకని కోలుకుందని తేల్చేశాను. విలేకరిని కదా, ఆధారాలతో పనేముంది?

పక్కింటి మేరీ గారు పెద్దాసుపత్రిలో నర్సు. ఒకరోజు గోడ మీంచి పలకరించారు.

"నెలలు నిండకుండా పుట్టిన పిల్లలండీ. తల చల్లబడిపోతే కష్టం. టోపీలు అల్లి ఇద్దురూ. ఎంత రానివాళ్ళకైనా వచ్చేస్తుంది."

నేర్చుకున్నాను. రెండు సూదులు, వాటి మీద వరస కుట్లు, మొదటి నుంచి చివరిదాకా ఒకటే అల్లిక. జానెడు ముక్క తయారయ్యాక అంచులు కలిపి కుట్టి, పైన దారం లాగి ముడేస్తే టోపీ. నా మొదటి టోపీ బూందీ చట్రంలా వచ్చింది. మేరీ గారు దాన్ని వెలుగులోకి ఎత్తి చూశారు.

"గాలి బాగా ఆడుతుందండి," అన్నారు.

పదోది మాత్రం, ఇది టోపీ అని నేను చెప్పకుండానే జనం గుర్తుపట్టారు. పదీ సంచిలో వేసుకుని ఆసుపత్రి వార్డుకు ఊరేగింపుగా వెళ్ళాను. ఊరేగింపులో నేనొక్కణ్ణే. మొదటి మంచం దగ్గర ఒక మామ్మ అరచేతి పాటి మనవరాలిని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"కొత్తయ్యా బాబూ?" అంది.

"సరికొత్తవండి!"

"అయితే వద్దండి. పురిటి పిల్లకి పాతబట్టే వెయ్యాలండి. కొత్తది బారసాలకే."

"చలండీ మామ్మగారూ..."

"వాడిన ఊలు ఉంటే చూడండి."

అన్ని మంచాల దగ్గరా అదే జవాబు. గోదావరి ఒడ్డున వాడిన ఊలు ఎక్కడ దొరుకుతుంది? మా చలికాలమంటే ఫ్యాను ఒక నంబరు తగ్గించడం. నాకు తెలిసి మా వీధి మొత్తానికి స్వెట్టరు ఒక్కటే. బావ డ్యూటీకి వేసుకున్న గోధుమరంగుది, అక్క ఇనప్పెట్టెలో ఉంది.

అక్క కోరుకొండ గుడికి వెళ్ళిన రోజు పెట్టె తెరిచాను. మెడ దగ్గర పోగు తెంపి లాగాను. నోట్లో వేసుకున్న ఆత్రేయపురం పూతరేకులా వరసలకు వరసలు కరిగిపోయాయి. ఆ హాయి ఇప్పుడు చెప్పడానికి సిగ్గుగా ఉంది. అక్క వచ్చేసరికి ఐదు ఉండలు చుట్టి వరసగా పేర్చాను, మెచ్చుకుంటుందని.

"ఏంట్రా ఇది?"

"ఊలక్కా. పిల్లలకి. ఊరికే పడుంది కదా అని..."

"చేతులేవి?"

"ఏ చేతులు?"

"స్వెట్టరు చేతుల్రా!"

రెండు ఉండలు చూపించాను. "ఇదొకటి. అదొకటి."

వాటిని ఒళ్ళో పెట్టుకుని నేల మీద కూర్చుంది.

"మోచేతుల దగ్గర వంపు అలాగే ఉండేదిరా. జెండా పట్టుకుని పట్టుకుని వంగింది. నేను ఉతకను కూడా లేదు."

"మళ్ళీ అల్లేస్తానక్కా!"

"నీకేం అల్లడం వచ్చు?"

"టోపీ," అన్నాను.

అప్పుడు ఏడ్చింది. రెండేళ్ళది కలిపి ఏడ్చింది.

మూడు రోజులు మాటల్లేవు. అన్నం మాత్రం పెట్టేది. కంచం కింద పెట్టే చప్పుడును బట్టి నా స్థానం నాకు తెలిసేది. నాలుగో రోజు చేతుల ఉండలు రెండూ పెట్టెలో దాచి, మిగతా మూడూ నా ముందు పడేసింది. "సూదులెలా పట్టుకోవాలో చూపించు," అంది.

వారంలో ఇద్దరం ఎనిమిది టోపీలు అల్లాం. ఈసారి అక్కే తీసుకెళ్ళింది, నేను వెనకాల. అదే మామ్మ ఇంకా అక్కడే ఉంది.

"పాతదేనా అమ్మా?"

"పాతదేనండి."

"ఎవరిది? పోయినోళ్ళదైతే పిల్లకొద్దమ్మా."

మామ్మ అక్క నుదుటి బొట్టు వైపు చూస్తోంది. బావ పోయినప్పుడు ఎవరెన్ని చెప్పినా అక్క తియ్యనన్న బొట్టు అది.

"మా ఆయనదండి," అంది అక్క.

"ఏం చేత్తారమ్మా?"

"గార్డండి. డ్యూటీకెళ్ళారు."

"చల్లగా ఉండాలమ్మా," అంటూ మామ్మ ఆ చిన్న తలకు టోపీ తొడిగింది. చెవులదాకా సరిపోయింది.

తిరుగు రిక్షాలో అక్క అడిగింది. "అబద్ధం చెప్పానురా. పాపమంటావా?"

"పేపర్లో పనిచేసేవాణ్ణి అడగాల్సిన మాట కాదక్కా."

కోటగుమ్మం దాకా నవ్వింది. ఆ తరువాత కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

ఇంటికి రాగానే తెల్లకాగితం మీద పెద్ద అక్షరాలతో రాశాను: "ఇందుమూలంగా ప్రకటించడమేమనగా, ఈ జన్మలో అడక్కుండా ఎవరి పెట్టే తెరవను, ఎవరి పోగూ లాగను."

అక్క చదివింది. మడిచి నా జేబులో పెట్టింది.

"అడిగుంటే నేను ఇచ్చేదాన్ని కాదు కదరా," అంది.

అయినా సరే, ప్రతిజ్ఞ ప్రతిజ్ఞే.