కింద గుంట మూయమన్న మాట

మా అమ్మ ఆకు ఉడికిపోయిన రోజు గుర్తొస్తే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. ఎవరి మీద అంటే, ముందు నాన్న మీద అనేదాన్ని. అలా అనుకోవడం తేలిక కాబట్టి ఇన్నేళ్ళూ అలాగే అనుకున్నాను.

అద్దంకి దగ్గర నల్లరేగడి ఊరు మాది. ఎనభైల్లో పత్తిని తెల్లదోమ ఊడ్చేశాక చాలామంది పొగాకు వైపు తిరిగారు. మా పెరట్లోనే బ్యారన్ ఉండేది. పచ్చాకుని కర్రలకి కట్టి, వరసలుగా వేలాడదీసి, వేడికి పండబెట్టి ఆరబెట్టే ఎత్తైన గది అది. బయట పొయ్యిలో మంట పెడితే లోపల నేల మీద రేకు గొట్టాల్లోంచి వేడి తిరిగి పొగగొట్టంలోంచి పోతుంది.

అమ్మకి పుట్టింటివాళ్ళు పసుపుకుంకాల కింద ఇచ్చిన చేను రెండెకరాలు. పేరుకే అమ్మది. అందులో ఏం వెయ్యాలో ఎప్పుడు కొయ్యాలో అన్నీ నాన్నే. ఆ ఏడు అమ్మ మొదటిసారి నోరు తెరిచి, ఈసారి ఆ చేను నాకొదిలెయ్యండి అంది. నాన్న నవ్వాడు. సరేలే, మొదటి బ్యారన్ ఆకు మంచి రంగు తేలితే ఇక ఆ చేను నీ ఇష్టం, తేలకపోతే మళ్ళీ దాని ఊసెత్తకూడదు అన్నాడు. అమ్మ ఒప్పుకుంది. నారు పోసింది, తలలు తుంచింది, పిలకలు గిల్లింది. ఎంత తోమినా చేతుల జిగురు వదిలేది కాదు. అన్నం కలిపి పెడితే ముద్ద చేదుగా ఉండేది. మేం నోరెత్తకుండా తినేవాళ్ళం.

బ్యారన్ నింపి మంట పెట్టిన మర్నాడే అమ్మ బయట చేరింది. ఆ మూడు రోజులూ ఆడది బ్యారన్ దరిదాపులకి రాకూడదని, వస్తే ఆకు రంగు చెడుతుందని మా ఇళ్ళల్లో పట్టింపు. గొడ్లపాక వసారాలో చాపేసుకుని కూర్చుంది. అక్కణ్ణించి పొయ్యి కనపడుతుంది. కనపడటం వరకే.

ఆ ఏడు కర్ర దొరక్క బొగ్గు తెచ్చారు. మేస్త్రీ వచ్చి పాత పొయ్యిలో ఇనప కడ్డీలు పరిచి, బూడిద పడటానికి కింద గుంట తవ్వి వెళ్ళిపోయాడు. నాన్నది ఊళ్ళో పేరున్న చెయ్యి. గోడ మీద అరచెయ్యి ఆనించి లోపల వేడి ఎంతో చెప్పేవాడు. కానీ ఆయనకి తెలిసింది కర్ర మంట. వేడెక్కువైతే పొయ్యి మూతికి రేకు అడ్డం పెట్టి బురద మెత్తేస్తే మంట చచ్చేది. పాతికేళ్ళుగా అదే విద్య.

ఆకు పండేటప్పుడు వేడి ఫారన్‌హీట్ లెక్కలో నూరు దగ్గర నిలబడాలి. అద్దం కిటికీలోంచి థర్మామీటరు చూసి చెప్పడం నా పని. ఆ రోజు పొద్దున ఎనిమిదింటికి నూటెనిమిది ఉంది. నాన్న మూతికి రేకు పెట్టి బురద మెత్తాడు. తొమ్మిదింటికి నూటపధ్నాలుగు. నా కళ్ళు పనిచెయ్యట్లేదన్నాడు. తర్వాత థర్మామీటరు పాడైందన్నాడు. పక్కింటి వాళ్ళది తెచ్చి వేలాడదీస్తే అదీ అంతే చూపించింది. గొట్టం ఎక్కడైనా పగిలిందేమోనని కిటికీలోంచి తొంగి తొంగి చూశాడు. పొగగొట్టం మూత దించితే పొగ వెనక్కి తన్నింది, మళ్ళీ ఎత్తాడు. రేకు తీసి పారతో బొగ్గు లాగబోతే అది కరిగి గడ్డలా చిట్టెం కట్టి కడ్డీలకి అంటుకుపోయింది, కదిలితేనా! మళ్ళీ రేకు పెట్టి ఇంకా మందంగా మెత్తాడు. పై కిటికీలు తెరిస్తే ఆకు పచ్చగానే బిగుసుకుపోతుంది, తెరవకపోతే ఉడుకుతుంది. ఏం చేసినా వేడి ఎక్కడమే గానీ దిగడం లేదు.

బూడిద గుంట పక్కన నిలబడితే నా పరికిణీ అంచు గుంటలోకి లాక్కుపోయింది. గాలి అంత జోరుగా లోపలికి పోతోంది. చూశాను. చూసి అంచు సర్దుకున్నాను.

అప్పుడే అమ్మ చెయ్యూపి పిలిచింది. కింద గుంట తెరిచే ఉందా అని అడిగింది. ఉందన్నాను.

"పిచ్చి మొహమా, కుంపటి ఎలా తగ్గిస్తామే? కింది నోరు మూస్తాంగా. పైన మూస్తే గాలంతా కిందనుంచి లాగి ఇంకా రాజుకుంటుంది. పరిగెత్తు. పైన తీసేసి కింద గుంట మూయమని మీ నాన్నకి చెప్పు."

పరిగెత్తాను. నేను నోరు తెరవకముందే నాన్న నా వెనక వసారా వైపు చూశాడు. ఆయన మొహం చెమటా మసీ కలిసి నల్లగా ఉంది. బయటున్న మనిషికి బ్యారన్ మాటలెందుకు, అసలీ గొడవంతా ఎందువల్ల వచ్చిందో అన్నాడు. ఆవిడ మాటలు ఇక్కడికి మొయ్యకు, వేడెంతో చూసి చెప్పు అన్నాడు. చూశాను. నూట ఇరవై రెండు. అదే చెప్పాను. అమ్మ మాట చెప్పలేదు. భయమేసింది, అంతే. అంతకంటే గొప్ప కారణమేమీ లేదు.

అమ్మ మళ్ళీ పిలిచింది.

"చెప్పావా?"

"చెప్పాను."

"ఏమన్నారు?"

"ఏమీ అన్లేదు."

అమ్మ చాప మీద గోడవైపు తిరిగి పడుకుంది. అప్పుడైనా వెనక్కి పరిగెత్తి ఉంటే సగం ఆకైనా దక్కేదేమో. మధ్యాహ్నానికి ఉడికిన ఆకు కంపు వీధిలోకి కొట్టింది. సాయంత్రం బొగ్గంతా కాలిపోయాక మంట దానంతటదే చల్లారింది. తలుపు తీస్తే ఆకంతా నల్లగా, తడిగుడ్డల్లా వేలాడుతోంది. నాన్న గడప మీద కూలబడ్డాడు. ఎక్కడ తప్పు చేశానో తెలియట్లేదని రెండు మూడుసార్లు అన్నాడు.

నాలుగో రోజు అమ్మ తలంటుకుని వచ్చి, బ్యారన్‌లోకి తొంగిచూడకుండా నేరుగా బూడిద గుంట దగ్గరికెళ్ళి వంగి చూసింది. ఆ చేను మీరే చూసుకోండి అని నాన్నతో అంది. మళ్ళీ బతికున్నన్నాళ్ళూ ఆ ఊసెత్తలేదు. ఆయన పందెం మాట నిలబెట్టుకుంటోందనుకున్నాడు. ఆవిడేమో, తన మాట చెవినపడి కూడా, తను గెలవకూడదని ఆయన ఆకు ఉడకనిచ్చాడనుకుంది.

వారం తర్వాత నాన్న పొరుగూరి నుంచి వచ్చి కంచం ముందు కూర్చున్నాడు. అమ్మ వడ్డిస్తోంది, నేను పక్కన తింటున్నాను.

"బొగ్గు పొయ్యి తగ్గించాలంటే కింద గుంట మూయాలంట. ఒక్కళ్ళు ముందు చెప్పి ఉంటే నీ ఆకు దక్కేది" అన్నాడు నాన్న.

అమ్మ గరిటె ఆపి ఆయన మొహంలోకి చూసింది. అంత అసహ్యంగా అమ్మ ఎవర్నీ చూడగా నేను చూడలేదు. తర్వాత మజ్జిగ పోసి లోపలికెళ్ళిపోయింది. నేను తలొంచుకుని కంచంలో ఉన్నదంతా తిన్నాను.