అక్క పోయాక వచ్చిన రివ్యూ

ఎవరైనా ఒక హోటల్ బాగుందని చెబితే, వాళ్లకు ఆ హోటల్‌తో చుట్టరికం ఏమన్నా ఉందా అని ముందు చూస్తాను. ఇది పని వల్ల పట్టుకున్న గుణం. నరసరావుపేటలో ఒక ఎరువుల కొట్టు పైగదిలో కూర్చుని, ఊళ్లో వ్యాపారాలు ఫోనుల్లో కనబడేట్టు చేయడం నా ఉద్యోగం. ఒక పళ్ల డాక్టరు, రెండు కోచింగ్ సెంటర్లు, ఒక బిర్యానీ హోటల్, సత్తెనపల్లిలో ఒక విత్తనాల డీలరు నా ఖాతాదారులు. దీన్ని డిజిటల్ మార్కెటింగ్ అంటారు. మా అక్క "ఫోనులో డప్పు కొట్టేది" అనేది.

ఈ పనిలో నాకు కొన్ని అభిప్రాయాలు ఏర్పడ్డాయి. వాటిని ఖాతాదారులకు చెప్పను. ప్రతి పండక్కీ చేతులు జోడించిన బొమ్మ పెట్టే పళ్ల డాక్టరు దగ్గరికి ఆ బొమ్మ చూసి ఒక్క రోగి కూడా వెళ్లడు. విత్తనాల ప్రకటనను అందరికంటే శ్రద్ధగా చదివేది పక్క వీధిలోని ఇంకో విత్తనాల డీలరు. రైతు మాత్రం పక్క చేలోవాడిని అడిగి కొంటాడు. ఇక రివ్యూలు. మా వైపు ఒక మనిషి తృప్తిగా భోంచేసి చెయ్యి కడుక్కుంటూ అనే పెద్ద మాట "పర్లేదు". అలాంటి చోట "మరపురాని అనుభూతి, సిబ్బంది ఎంతో ఆప్యాయంగా చూసుకున్నారు" అని కనబడితే అది నాలాంటివాడు రాసిందే. నిజంగా మెచ్చుకునేవాడి మాటలో ఎక్కడో ఒక చిన్న ఫిర్యాదు ఉంటుంది. అది లేని మెప్పును నేను నమ్మను. ఫోటో పెడితే మధ్యలో ఉన్న వస్తువును కాక అంచుల్ని చూస్తాను. అంచులు ఎవరూ సర్దరు.

అక్క నాకంటే తొమ్మిదేళ్లు పెద్దది. ఇంటి ముందు గదిలో రెండు మిషన్లు వేసి జాకెట్లు కుట్టేది. ఫోను మ్యాపులో ఆ కొట్టు పేరు, నంబరు, ఫోటో పెట్టింది నేనే. పెట్టిన వారంలోనే తొమ్మిది రివ్యూలు కూడా నేనే రాశాను, తొమ్మిది పేర్లతో. అక్క వాటిని కళ్లద్దాలు పెట్టుకుని ఒక్కొక్కటే చదివింది.

"ఒరేయ్, మగ్గం వర్క్ అద్భుతం అని రాసిందెవర్రా? నేను మగ్గం వర్క్ ఎప్పుడు చేశాను?"

"అట్టా రాస్తేనే వస్తారక్కా."

"వచ్చి చెయ్యమంటే? నువ్వొచ్చి కూర్చుంటావా మగ్గం ముందు?"

మూలన కూర్చుని హుక్కులు కుడుతున్న ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆవిడ నలభయ్యేళ్ల మనిషి, చాన్నాళ్లుగా అక్క దగ్గర పనికి వచ్చేది. నేను ఆ ఒక్క రివ్యూ తీసేశాను. మిగతా ఎనిమిదీ ఉంచాను. తర్వాత నిజమైనవి వచ్చాయి, ముప్పై దాకా. నకరికల్లు నుంచి, శావల్యాపురం నుంచి ఫోన్లో చూసుకుని ఆడవాళ్లు రావడం మొదలైంది.

పోయిన వానాకాలంలో అక్క చనిపోయింది. గుంటూరు ఆసుపత్రిలో పదిహేడు రోజులు ఉంది. పెద్దదినానికి ఫ్లెక్సీ వేయిస్తామని చుట్టాలు మాటలు నన్నే రాయమన్నారు. పేరు, పుట్టిన రోజు, పోయిన రోజు రాసిచ్చాను. "ఇంతేనా? మాటలతో బతికేవాడివి," అని పెదనాన్న చిన్నబుచ్చుకున్నాడు. తర్వాత వాళ్లే ఎవరి చేతనో మిగతా మాటలు రాయించి వేశారు. ఆ ఫ్లెక్సీలో ఉన్న మనిషి ఎవరో నాకు తెలియలేదు.

మ్యాపులో కొట్టు మాత్రం అలాగే ఉండిపోయింది. ఈ వ్యాపారం శాశ్వతంగా మూతపడిందా అని అది అప్పుడప్పుడు అడుగుతుంది. ఇతరుల వాటికి ఎన్నిసార్లో అవునని నొక్కాను. దీనికి నొక్కలేకపోయాను.

ఆరు నెలలకు, ఒక సోమవారం పొద్దున, ఆ కొట్టుకు కొత్త రివ్యూ వచ్చినట్టు ఫోను చెప్పింది.

"జాకెట్టు బాగా కుట్టారు. ఈసారి చంక దగ్గర పట్టేయలేదు. రెండు రోజులు లేటు చేశారు."

కింద ఫోటో. వైరు మంచం మీద ఆకుపచ్చ జాకెట్టు, పక్కన సగం కనబడుతున్న పసిపిల్ల పాదం. నా లెక్కల ప్రకారం అందులో తప్పు పట్టడానికేమీ లేదు. ఫిర్యాదు ఉంది, అంచు సర్దలేదు. డబ్బు తీసుకుని రాసేవాడికి చంక దగ్గర పట్టేయడం గురించి తెలియదు. ఇది నిజమైన రివ్యూ. నాకు భయం వేసింది అందుకే. కుట్టే మనిషి లేదు, కొత్త జాకెట్టు ఉంది.

వెంటనే దొంగతనం అనుకున్నాను. మూతపడిన కొట్టు పేరు మీద మంచి రివ్యూలు ఉంటే, దాన్ని మెల్లగా తమది చేసుకునేవాళ్లు ఉన్నారు. ముందు ఫోటో మారుస్తారు, తర్వాత నంబరు, చివరికి పేరు. రేటింగు చుక్కలు అలాగే మిగులుతాయి. ఈ సంగతి నాకు ఎలా తెలుసంటే, ఒకసారి నేనే చేశాను. భర్త పోయి ఒకావిడ మూసేసిన మెస్సును, ఒక కర్రీ పాయింటు కోసం అలా మార్చాను. ఆమె కూర గురించి జనం రాసిన మంచి మాటలు ఇప్పటికీ ఆ కర్రీ పాయింటు కిందే ఉన్నాయి. చేసినప్పుడు అది దొంగతనం అని తోచలేదు. పని అనుకున్నాను.

మెయిన్ రోడ్డులో కొత్తగా పెట్టిన టైలరింగ్ షాపు మీదికి అనుమానం మళ్లింది. గంటసేపు వాళ్ల పేజీలు చూశాను. వాళ్లు చేసే మోసాలు వేరే ఉన్నాయి, ఇది కాదు. చివరికి అక్క కొట్టు నంబరుకే ఫోన్ చేశాను. ఆ సిమ్ము అక్కతోనే ఆగిపోయిందనుకున్నాను. రింగయింది.

"చెప్పండన్నా," ఒక ఆడమనిషి గొంతు. వెనక మిషను చప్పుడు.

"మా ఆవిడకి జాకెట్టు కుట్టించాలి," అన్నాను. నాకు పెళ్లి కాలేదు.

"ఆది జాకెట్టు తీసుకురండన్నా. కొట్టు ఇప్పుడు పాతచోట లేదు, ఎనక వీధిలో నీళ్ల ట్యాంకు సందు."

"కుట్టే ఆవిడ ఉంటారా?"

"అక్కకి ఒంట్లో బాగుండటం లా. నేను కుడతన్నా."

ఫోన్ పెట్టేశాను. చనిపోయిన మనిషిని జబ్బుమనిషిని చేసి ఎవరో జాకెట్లు కుడుతున్నారు. అక్క ఫోను ఉన్నది బావ ఇంట్లో. కాబట్టి బావకు తెలిసే జరుగుతోంది. నా అనుమానం అంతటితో ఆగలేదు. భార్య పోయిన మగాడి ఇంటి వెనక వీధిలో, భార్య సిమ్ముతో, ఒక ఆడగొంతు. దాన్నిబట్టి నేను ఏమేం ఊహించానో ఇక్కడ రాయను. ఊహించానని మాత్రం ఒప్పుకుంటున్నాను.

బావ పిడుగురాళ్ల సున్నం బట్టీలకు లారీ తోలతాడు. ఆ సాయంత్రం నేను వెళ్లేసరికి ఇంటి ముందు టైర్లు తట్టి చూస్తున్నాడు.

"కొట్టు సిమ్ము ఎవరికిచ్చావు బావా?"

"ఏంది, నువ్వు అడిగే తీరు చూస్తే పోలీసోడు నయం."

"చెప్పు."

"నేనియ్యలా. మీ అక్కే ఇచ్చింది, గుంటూరు పోయే ముందు రోజు. సిమ్మూ, ఆది జాకెట్ల సంచీ, రెండో మిషనూ. ఆ హుక్కులు కుట్టే ఆమెకి."

"నాకెవరూ చెప్పలేదే?"

"నువ్వెప్పుడడిగావు? ఆర్నెల్ల నుంచి గుమ్మం ముందు బండాపి, బాగున్నావా బావా అని పోతన్నావు. లోపలికొచ్చి ఉంటే ముందు గదిలో ఒక మిషనే ఉన్న సంగతి నీకే కనపడేది." చేతిలో రాడ్డు కింద పెట్టాడు. "నీ బుర్రలో ఇంకోటి కూడా తిరుగుతంది. అది కూడా అడుగు."

నేను బండి తాళం తీశాను. ఆయన మళ్లీ టైర్ల వైపు తిరిగాడు.

మర్నాడు పొద్దున నీళ్ల ట్యాంకు సందుకు వెళ్లాను. ఒక గది, ముందు వసారా, వసారాలో అక్క రెండో మిషను. ఆవిడ నన్ను చూసి లేచి నిలబడింది.

"నిన్న ఫోన్ చేసింది నేనే," అన్నాను.

"మీ ఆవిడకి జాకెట్టన్నారు?"

"అబద్ధం చెప్పాను."

"నేనూ చెప్పాగా," అంది, ఇద్దరి లెక్కా సరిపోయినట్టు.

అక్కకు బాగుండటం లేదని ఎందుకు చెబుతున్నావని అడిగాను. ఆవిడ గోడకు తగిలించిన గుడ్డసంచి దించి నా ముందు పెట్టింది. నిండా ఆది జాకెట్లు. కొలతకోసం ఆడవాళ్లు దర్జీ దగ్గర వదిలి వెళ్లే పాత జాకెట్లు అవి. ప్రతిదానికీ గుచ్చిన చీటీ మీద పేరు, ఊరు అక్క చేతిరాతలో.

"పోయిందని తెలిస్తే ఇయ్యి ఎనక్కి అడుగుతారన్నా. పోయినామె కుట్టిన జాకెట్టు కొలత పెట్టి కొత్తది కుట్టించుకోటానికి కొందరికి మనసొప్పదు. పెళ్లిళ్ల జాకెట్లయితే అసలే. అక్కే చెప్పింది, ఒక సంవత్సరం ఒంట్లో బాగలేదని చెప్పు, ఈలోపు నీ చేతికి అలవాటు పడతారు అని."

ఒక్క దొంగ రివ్యూకు నన్ను తిట్టిన మనిషి ఈ మాట అందంటే నమ్మడం కష్టం. ఆ మాట అన్నప్పుడు ఇంకెవరూ లేరు. చనిపోయినవాళ్ల నోట్లో మాటలు పెట్టడం ఎంత తేలికో నాకు బాగా తెలుసు. ఆవిడ నా ముఖంలో అది చూసినట్టుంది.

"నమ్మబుద్ధి కాకపోతే నమ్మొద్దన్నా. ఇంకో సంగతి, మీరేం అనుకోబాకండి. అక్క కోతలో ఒక లోపముంది. చంక దగ్గర ఇరుకు కోసేది. వచ్చినోళ్లందరూ చెప్పేవాళ్లు, వినేది కాదు, అట్టా ఉంటేనే ఒంటికి అంటుకుంటదనేది. నేను అర అంగుళం వదులుతన్నా."

అక్క పోయాక ఎంతమందో వచ్చి ఎన్నో మంచి మాటలు చెప్పారు. ఆమెలో ఒక లోపం చెప్పిన మనిషి ఈవిడొక్కతే. అక్క మొండితనం అచ్చంగా అలాగే ఉండేది. ఆవిడను నమ్మాను అనను. అనుమానం కొంత తగ్గింది, అంతే.

"మ్యాపులోది మూసేస్తారా అన్నా?" అని అడిగింది. "ఊళ్లోవాళ్లకి చావు తెలుసు, వాళ్లలో చానామంది రావటం లా. పల్లెలోళ్లు ఫోన్లో చూసుకొనే వస్తన్నారు. అది పోతే నేను మళ్లీ మిరగ్గాయల కోతకే పోవాలి."

చూస్తానన్నాను. అప్పటికి అంతకంటే నిజమైన మాట నా దగ్గర లేదు. ఉంచితే అక్క జబ్బుతో ఉన్నట్టు ఊరూరా చెప్పే అబద్ధంలో నేనూ ఉన్నట్టు. మూస్తే ఒక మనిషి కూడు తీసినట్టు.

పది రోజులకు, కొండ తిరునాళ్లు దగ్గర పడుతుండగా, శావల్యాపురం నుంచి ఒకావిడ ఆ కొట్టు రివ్యూల్లోనే రాసింది. "గుడ్డ ఇచ్చి నెలయింది. ఫోన్ చేస్తే అక్కకి బాగాలేదంటున్నారు. జాకెట్టు సంగతి తర్వాత. అక్కకి ఎట్టా ఉందో ఎవరన్నా చెప్పండి." దాని కింద, యజమాని జవాబు ఇవ్వవచ్చు అని ఒక ఖాళీ పెట్టె.

నా ఉద్యోగంలో ఆ పెట్టెలో ఎన్ని జవాబులు రాశానో లెక్కలేదు. మీ అభిమానానికి ధన్యవాదాలు, మీ అసౌకర్యానికి చింతిస్తున్నాము. ఒక్కటీ పనికిరాలేదు. రెండు వాక్యాలు రాసుకుని, పంపకుండా నీళ్ల ట్యాంకు సందుకు ఫోన్ చేశాను.

"అక్క లేదని రాస్తున్నాను," అన్నాను.

మిషను చప్పుడు ఆగింది. "అక్క సంవత్సరమన్నది."

"ఆమె జాకెట్టును అడగడం లేదమ్మా. అక్కను అడుగుతోంది. దానికి నేను అబద్ధం రాయలేను."

మిషను కాసేపు నడిచి మళ్లీ ఆగింది.

"ఏం రాశారో చదవండి."

చదివాను. "అక్క చనిపోయింది. జాకెట్లు ఇన్నేళ్లు అక్క దగ్గర పనిచేసిన ఆమే కుడుతోంది."

"రెండోది ముందు పెట్టండన్నా."

నా వృత్తిలో నేను ఇవ్వవలసిన సలహా అది. వాక్యాలు అటూ ఇటూ మార్చి, మళ్లీ చదివి వినిపించి, ఆవిడ ఊ అన్నాక పంపాను.

ఆ వారంలో ఇద్దరు ఫోన్ చేసి, మనిషిని పంపించి, ఆది జాకెట్లు వెనక్కి తెప్పించుకున్నారు. శావల్యాపురం ఆవిడ తనే వచ్చింది. వసారాలో కూర్చుని కాసేపు ఏడ్చిందట. తర్వాత సంచిలోంచి తన పాత జాకెట్టు వెతికి తీసుకుని, ఇంటి దగ్గర్నుంచి తెచ్చిన వేరే జాకెట్టు కొలతకు ఇచ్చింది. ఇది అక్క కుట్టింది కాదు, దీన్నిబట్టి కుట్టు, తిరునాళ్లకు కావాలి అని చెప్పి వెళ్లింది.

ఇదంతా కుట్టే ఆవిడ నాకు ఫోన్లో చెప్పింది. చెప్పాక, పాత చీటీ చించేశానని, శావల్యాపురం ఆమె పేరుతో కొత్త చీటీ రాయడానికి తనకు సరిగా రాయడం రాదని, వీలుంటే ఒకసారి వచ్చి రాసిపెట్టమని అడిగింది.

వెళ్లాను. పేరు, ఊరు రాశాను.