మెల్లగా ఒకసారి, గట్టిగా ఒకసారి

ఏలూరులో నాకు మొదటి కీబోర్డు అమ్మిన షాపాయన ఏది చూపించినా ఒకటే కీ నొక్కేవారు. మెల్లగా ఒకసారి, గట్టిగా ఒకసారి.

"వేలి బరువుకి తగ్గట్టు పలకాలండి. నేర్చుకోడానికైనా, ఇంట్లో పాటలు చేసుకోడానికైనా ముందు అదే చూసుకోండి."

"ఏదైనా వాయించండి, వింటాను," అన్నాను.

"అయ్యో, నాకు వాయించడం రాదండి."

చివరికి షోకేసులో ఉన్నదే కొన్నాను. వట్లూరులో మా ఇంటికి తెచ్చి చూస్తే, అందులో పాత రికార్డింగు ఒకటుంది. ప్లే నొక్కి చివరిదాకా విన్నాను. అలా వాయించాలంటే ఏళ్లు పడుతుంది. పాట చివర ఒకటే కీ. మెల్లగా ఒకసారి, గట్టిగా ఒకసారి.

షాపుకి పరుగెత్తాను. "అది మీరే కదండీ?"

ఆయన తలెత్తలేదు.

"చెరిపేయండి. మీ పాటకి చోటుండాలి కదండీ."